ధార తెగిన చోట

సారు పోయారని పొద్దున్నే రాజలింగం అన్న ఫోన్ చేశాడు. మా పాటల బృందంలో కింది గొంతు ఆయనది, పని చీరల దుకాణంలో. ఫోన్లో కూడా గోడలు అదిరేటట్టు మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించాడు.

"దవాఖాన నుంచి తెచ్చినం చెల్లె. పైకి తీస్కపోనిస్తలేరు. ఓనరమ్మ ఒద్దంటుంది. గల్లీలనే టెంట్ ఏపిచ్చిన. నువ్వు జర జల్ది రా. ఉన్నోళ్లం కలిసి ఒక పాట పాడి సాగనంపుదం."

కిరాయి ఇళ్ళల్లో ఇది మాకు కొత్త కాదు. కిరాయికున్నవాళ్ళ శవం గడప దాటితే ఇంటికి కీడని ఓనర్లు ఒప్పుకోరు. ఎల్.బి.నగర్ గల్లీల్లో అలాంటి టెంట్లు ఎన్ని చూశానో. మూడో అంతస్తులో ఏళ్ళ తరబడి ఉన్న మనిషికి ఆఖరి రోజు గేటు బయటే చోటు.

"ఏ పాట అన్నా?"

"ఇంకేం పాట? ఏటి పాటే. సారు మళ్ల పాడనియ్యకపాయె. ఇప్పుడన్న పాడుదం."

అప్పుడు నేను దేవుడి గదిలో దీపం వెలిగిస్తున్నాను. అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలి ఆరిపోయింది. ఆ పాట మేము వేదిక మీద ఒక్కసారే పాడాం, ఇరవై ఏళ్ళ కింద. మధ్యలో ఒక చోట తెగింది. ఆ తప్పు నా పక్కన పాడే సైదమ్మదని సారు అందరి ముందూ ఆమెను పంపేశారు. తప్పు సైదమ్మది కాదు. నాది.

*

నన్ను సారు దగ్గరికి తీసుకెళ్ళింది మా నాన్న. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. పరిగెత్తొద్దు, మెట్లెక్కొద్దు అన్నారు డాక్టర్లు. నాన్న బస్సు డిపోలో మెకానిక్. డ్యూటీ దిగి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, అయినా పోని డీజిలు వాసనతోనే నాకు అక్షరాలు దిద్దించాడు. లెక్కలూ పద్యాలూ సుందరకాండా అన్నీ నాకు ఆ వాసనతోనే వచ్చాయి. ఇప్పటికీ బస్సు పక్కన నిలబడితే ఏదో ఒక పద్యం నోటికొస్తుంది. అలాంటి తండ్రినిచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. కానీ పందొమ్మిదేళ్ళు నిండేదాకా నేను ఎవరి పక్కనా వరుసలో నిలబడి ఎరగను. బడిపిల్లలకు పొద్దున ప్రార్థన వరుస ఉంటుంది. నాకు అదీ లేదు.

సారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు బళ్ళో సంగీతం చెప్పేవారు. ముందు వారానికి నాలుగు పీరియడ్లు, తర్వాత రెండు, తర్వాత శనివారం ఆఖరి గంట. చివరికి దాన్ని కూడా లెక్కల సారుకు ఇచ్చేశారు. ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన కోచింగ్ సెంటర్ పెట్టుకుని, ఆదివారాలు ఒక హాలు వాడుకోమన్నాడు. బల్లలు గోడకు జరిపి మేము నిలబడేవాళ్ళం. బోర్డు నిండా ఫిజిక్సు సూత్రాలు. ఎవరైనా చెరపబోతే సారు ఒప్పుకునేవారు కాదు. "వాళ్ళ బతుకది. మనకు మూల చాలు." ఆ మూలలోనే స్వరాలు రాసేవారు. పిల్లలు వదిలేసి పోయిన గ్రాఫు కాగితాలు ఏరుకుని వాటి మీద పాటలు కట్టేవారు. ఒకే పాటను ఒకదాని కింద ఒకటిగా మూడు వరుసలు రాసేవారు. పై గొంతుకు మేడ అని, మధ్య గొంతుకు నడిల్లు అని, కింది గొంతుకు నేల అని పేరు. ఊపిరి తీసుకోవాల్సిన చోట ఎర్ర పెన్సిలుతో చుక్క. దూరం నుంచి చూస్తే కుంకుమ చిలికిన కాగితంలా ఉండేది.

ఆయన హార్మోనియం తిత్తికి చిల్లి ఉండేది. దాని మీద ఎవరో ఆడమనిషి నుదుటి స్టిక్కరు బొట్టు అంటించి ఉండేది. అది ఊడిపోయినప్పుడల్లా వాయించడం ఆపి, "ఎవరమ్మా, ఓ బొట్టివ్వండి" అని చెయ్యి చాచేవారు. ఎవరో ఒకరు నుదుటిది తీసి ఇచ్చేవాళ్ళు.

పాట వింటున్నప్పుడు కళ్ళు మూసుకుని, తంబూరా మర తిప్పినట్టు ఎడమ చెవి తమ్మెను మెల్లగా తిప్పుకునేవారు. శ్రుతి కుదిరేదాకా తిప్పుతూనే ఉండేవారు. కుదిరితే చెవి వదిలేసేవారు. మెచ్చుకోలంటే అదే, ఇంకో మాట ఉండేది కాదు. సారు చెవి వదిలారంటే ఆ వారమంతా మాకు పండగ. చప్పట్లంటే గిట్టదు. వేదిక మీద పాట అయిపోగానే జనం చేతులెత్తే లోపల పక్కకు తప్పుకునేవారు. "చప్పట్లకు శ్రుతి ఉండదమ్మా" అనేవారు.

మొదటి రోజు నన్ను 'ఆ' అని పట్టి నిలపమన్నారు. నిలపలేకపోయాను. ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా ఛాతీలో సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది. సారు చెవి తిప్పుకుంటూ అంతా విన్నారు. గుమ్మం దగ్గర నాన్న టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"బుడ్డి దీపం. చమురు తక్కువ" అన్నారు. నాన్న మొహం పడిపోయింది. "పరవాలేదు. పక్కన పెద్ద దీపం పెడదాం. సైదమ్మా, ఇటు రా."

సైదమ్మ కొత్తపేట రైతుబజార్లో ఆకుకూరలు అమ్మేది. ఊరు నల్లగొండ దిక్కు, హయత్‌నగర్ అవతల ఉండేవాళ్ళు. సారు ఒకసారి కూరగాయలకు పోయి ఆమె కేక విన్నారట. పాలకూరతో మొదలుపెట్టి పుంటికూర దాకా, బజారు ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్క ఊపిరి. ఆమె ముందు నిలబడి, "ఆ కేక ఆదివారం నాకిస్తావా?" అన్నారట. "కేకలు అమ్మం సారు. కూర కొను" అందట ఆమె. మూడు ఆదివారాలు తిరిగితే గాని రాలేదు. వచ్చిన కొత్తలో మేడ వరుసలో ఒకావిడ ముక్కు చిట్లించి, "వాసన సార్" అంది. "కొత్తిమీరమ్మా. నీ సెంటు కంటే మేలు" అన్నారు సారు.

సైదమ్మ నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. నన్ను పైనుంచి కిందికి చూసి, "గీ పిల్ల గాలొస్తే కొట్టుకపోతది సారు" అంది. "నువ్వు పట్టుకో" అన్నారు ఆయన. అలా మేము జంట అయ్యాం.

సారు దగ్గర ఇద్దరిద్దరు జంట. ఆయన పాటల్లో మా నడింటి వరుస ఎక్కడా ఆగకూడదు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే పక్కవాళ్ళు పట్టి ఉంచాలి. తీసుకునే ముందు పక్కనామె చిటికెన వేలు నొక్కాలి. వేలు నొక్కకుండా ఊపిరి తీసుకోవడం ఆయన లెక్కలో దొంగతనం. ఇది మాకు మాటల్తో ఎక్కలేదు. ఒక సోమవారం పొద్దున అందరినీ సైదాబాద్‌లో ఒక శివాలయానికి తీసుకెళ్ళి అభిషేకం ముందు కూర్చోబెట్టారు. పూజారి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. అది ఖాళీ అయ్యే లోపల రెండో చెంబు ధార వచ్చి అదే చోట కలుస్తోంది. "చూశారా? ఏ చెంబు ఎప్పుడు అయిపోయిందో లింగానికి తెలియదు. వినేవాడికి కూడా తెలియకూడదు" అన్నారు. బయటికి వస్తుంటే చెప్పులు వేసుకుంటూ ఇంకో మాట అన్నారు. అది నా లోపల పూజ మంత్రంలా ఉండిపోయింది. "గొంతు దేవుడిది. ఊపిరి పక్కవాళ్ళది."

నాకు ఊపిరి తక్కువ కాబట్టి సైదమ్మ నాకంటే రెండింతలు పట్టేది. ఆమె వేలికి ఆకుకూరల కట్టలు కట్టీ కట్టీ కాయ కాసి ఉండేది. నేను నొక్కితే కళ్ళతోనే "తీస్కో" అనేది. జీవితంలో మొదటిసారి నేను వరుసలో నిలబడ్డాను, నా లోపం ఎవరికీ వినపడకుండా. ఆ మేలు చేసింది సారే అని అప్పుడు అనుకునేదాన్ని. సగం సైదమ్మది.

సారు మెత్తటి మనిషి అని మాత్రం చెప్పను. తప్పు చేసినవాళ్ళను "ఇల్లు చేరు" అనేవారు. అంతే. ఎందుకో చెప్పేవారు కాదు, మళ్ళీ పిలిచేవారు కాదు. నేను చేరక ముందే అలా ఇల్లు చేరినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో ఎదురుపడినా ఆయన మొహం తిప్పుకుని పోయేవారు.

*

ఏటి పాట కట్టడానికి ఆయనకు రెండేళ్ళు పట్టింది. వర్షాకాలం నుంచి ఎండాకాలం దాకా ఒక ఏరు నడిచే పాట. చివర్లో ఏరు సన్నబడి తీగలా మిగిలే చోట మేడా నేలా ఆగిపోతాయి. నడింట్లో కూడా అందరూ ఆగిపోతారు. నేనూ సైదమ్మా ఇద్దరమే మిగులుతాం. 'సాగవే' అన్న ఒక్క మాట మీద పన్నెండు ఆవర్తాలు. మొదటి నుంచీ అక్కడ ఎవరెవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎర్ర చుక్కలు పెట్టి ఉన్నాయి.

ఆ పాటను బృందగానాల పోటీకి ఇచ్చారు. పోటీకి పెద్దగా వచ్చినాయన ఒక పెద్ద బడి యజమాని. పాట నచ్చితే సారును తన బళ్ళోకి తీసుకుంటానని, పాటలకోసమే ఒక గది ఇస్తానని ముందే మాటిచ్చాడు. సారుకు ఉద్యోగం కంటే ఆ గది మీదే ఆశ. "బోర్డు మీద సూత్రాలు లేని గది" అనేవారు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకొచ్చారు. కాలరు వెనక కొట్టువాడి చీటీ అలాగే ఉంటే రాజలింగం అన్న పీకేశాడు.

పాట బాగా నడిచింది. ఏరు సన్నబడే చోటికి వచ్చాం. ఇద్దరమే మిగిలాం. అప్పుడు హాలు చివర తలుపు తీసుకుని నాన్న లోపలికి వచ్చాడు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, ఖాకీ బట్టల్లోనే. కుర్చీ ఉన్నా కూర్చోకుండా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బడి వరుసలో ఎన్నడూ చూడని కూతుర్ని వేదిక మీద చూస్తున్నాడు. నా గుండె ఒక్కసారి పొంగింది. ఊపిరి అయిపోయింది. వేలు నొక్కలేదు. నా చుక్క దగ్గర కాకుండా, సైదమ్మ చుక్క దగ్గర నేను ఊపిరి తీసుకున్నాను. ఆమె అప్పటికే తన ఊపిరి తీసుకుంటోంది.

రెప్ప వేసి తెరిచేంత సేపు హాల్లో ఏమీ లేదు. సారు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత సైదమ్మ అందుకుంది, నేనూ అందుకున్నాను, పాట అయిపోయింది. బహుమతి రాలేదు. పెద్దాయన సారు దగ్గరికి రాకుండానే కారెక్కాడు.

వేదిక వెనక గదిలో మేము ఇరవై మందిమి గోడకు ఆనుకుని నిలబడ్డాం. తెంపింది మా ఇద్దరిలో ఒకరని అందరికీ తెలుసు. సారు వచ్చారు. నా వైపు చూశారు. సైదమ్మ వైపు చూశారు. చెవి ముట్టుకోలేదు.

"సైదమ్మా, ఇల్లు చేరు."

"నేనా సారు?"

"నువ్వే. ఇక రావద్దు."

సైదమ్మ నా వైపు తిరిగింది. నిందించడానికి కాదు. సాక్ష్యానికి. 'ఆమె కాదు సార్' అనడానికి ఎంత ఊపిరి కావాలి? నా దగ్గర అంత కూడా లేకపోయింది. ఆమె టిఫిన్ గిన్నె ఉన్న సంచి భుజాన వేసుకుని, చెప్పులు వెతుక్కుని, వెళ్ళిపోయింది. బయట నాన్న నాకు చెరుకు రసం ఇప్పించాడు. తాగాను.

*

ఆ తర్వాత సారు మూడు వరుసల పాట కట్టలేదు. కట్టినవన్నీ ఒక గొంతు పాటలే. నా పక్కన ఇంకెవరినీ నిలబెట్టలేదు. మెట్రో పనులు మొదలయ్యాక ఆదివారాలు రావడం కష్టమై జనం పలచబడ్డారు. కోచింగ్ సెంటర్‌కు ఆదివారం కూడా పరీక్షలు పెరిగాయి, హాలు పోయింది. సారు ఎల్.బి.నగర్ వెళ్ళి, మూడో అంతస్తులో ఒక్క గది తీసుకుని, చిన్నపిల్లలకు కీబోర్డు నేర్పుతూ బతికారు. నాన్న పోయాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇంటి దగ్గరే పిల్లలకు పద్యాలు చెబుతాను. ప్రతి గురుపౌర్ణమికి పళ్ళు తీసుకుని సారు దగ్గరికి వెళ్ళేదాన్ని. కాళ్ళకు దండం పెట్టేదాన్ని. ఆయన చూపు కిటికీ వైపు ఉండేది. ఆయనకు తెలియనందుకు దేవుడికి ఇంకో దండం పెట్టుకుని మెట్లు దిగేదాన్ని.

కరోనాలో ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. చివరి రెండేళ్ళు ముక్కుకు గొట్టంతోనే ఉన్నారు. ఆయన పోవడానికి నెల ముందు వెళ్ళాను. మెట్ల మీద నేను మూడు చోట్ల ఆగుతాను. తలుపు తోయగానే, "రెండో మలుపు దగ్గర చాలాసేపు ఆగావు" అన్నారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను ఒకే శ్రుతిలో మోగుతోంది.

"విన్నావా? తెగదు. దీనికి జంట కూడా అక్కర్లేదు" అన్నారు. నవ్వబోతే దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గారు.

ఆయన అలా వంగిపోయి దగ్గుతుంటే నాకు భయమేసింది. ఇక దాచుకోవడానికి టైము లేదనిపించింది.

"సార్, ఆ రోజు ధార తెంపింది నేను."

"తెలుసమ్మా."

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. నీ ఊపిరిలో ఈల ఉంటుంది. ఎంతమందిలో ఉన్నా వినపడుతుంది. ఆమె ఊపిరికి అసలు చప్పుడే ఉండదు."

మిషను మోగుతోంది. నేను మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

"మరి ఆమెను ఎందుకు పంపారు సార్?"

"ఇద్దరిలో ఒకళ్ళని పంపాలనుకున్నాను. పంపకపోతే నా మాటకు విలువుండదనుకున్నాను. నిన్ను పంపితే ఇంటికెళ్ళి మంచం పట్టేస్తావు. మీ నాన్న వెనక నిలబడి ఉన్నాడు, వేదిక దిగుతూ నేనూ చూశాను. ఆమె గట్టిది, ఆకుకూరలు అమ్ముకుని బతికేస్తుందిలే అనుకున్నాను." గొట్టం సర్దుకున్నారు. "మనుషుల్ని అలా తూచకూడదు. తూచాను."

"తర్వాతైనా పిలిచి ఉండాల్సింది."

"పంపడం వచ్చు నాకు. పిలవడం రాలేదు. ఒక ఆదివారం బజారు గేటు దాకా వెళ్ళాను. కేక వినపడితే లోపలికి వెళ్దామని నిలబడ్డాను. అందరూ అరుస్తున్నారు. ఆమె గొంతు మాత్రం వినపళ్ళేదు. కూర్చునే ఉంది, అక్కడే. అరవట్లేదు. తిరిగొచ్చేశాను."

ఇరవై ఏళ్ళు ఈ మనిషికి నేను పెట్టిన దండాలన్నీ ఎటు పోయాయో నాకు అర్థం కాలేదు. ఆయన నాకు చేసింది మేలే. ఆ మేలు ఇంకొకరి గొంతు కోసి చేసింది.

"నువ్వు చెప్తావా ఆమెకి? నాకు అంత ఊపిరి లేదు."

"చెప్తాను సార్."

దిగి ఆటో ఎక్కాను. కొత్తపేట వచ్చింది. దిగలేదు. ఒంట్లో బాగాలేదనుకున్నాను. ఆ తర్వాత ఏకాదశి ఉపవాసం అనుకున్నాను. ఆ తర్వాత వానలు. నెల గడిచింది. రాజలింగం అన్న ఫోన్ వచ్చింది.

*

ఆ పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఎక్కి, ఎల్.బి.నగర్ పోకుండా ముందు కొత్తపేటలో దిగాను.

సైదమ్మ గోనెపట్ట మీద కూర్చుని తోటకూర కట్టలు కడుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"ఏందమ్మా, తొవ్వ తప్పినవా? ఎప్పుడొచ్చినా టమాటల దిక్కు తిరిగి పోతుంటివి. నాకు కండ్లు లేవనుకున్నవా?"

"సారు పోయారు సైదమ్మా."

చేతులు ఆగాయి. "మంచిగ పాయెనా?" అంది.

"ఊపిరి ఆడక."

"అయ్యో" అంది. నీళ్ళ డబ్బాలో చెయ్యి ముంచి కూరల మీద చిలికింది. "మంచోడు. నేనే ఆయన పాట ఖరాబ్ చేసిన. గా గది సుత రాకపాయె నా వల్ల."

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "నువ్వు చెయ్యలేదు. ఆ రోజు ఊపిరి తీసుకున్నది నేను. వేలు నొక్కకుండా తీసుకున్నాను. నువ్వు నీ చుక్క దగ్గరే తీసుకున్నావు."

ఆమె నన్ను చూస్తూ ఉండిపోయింది. పక్క అంగడివాడు చిల్లర అడిగితే వినలేదు.

"నేను నా చుక్క కాడనే తీస్కున్ననా?"

"నీ చుక్క దగ్గరే."

"మొదాలు గట్లనే అనుకున్న. ఇంటికి పోయి ఒక్కదాన్నే గా ముక్క ఎన్నిసార్ల పాడి చూస్కున్ననో. కానీ సారు చెవి తప్పుతదా? నాదే తప్పని అనుకున్న. గప్పటి సంది పాటంటే భయం పట్టింది. బతుకమ్మ కాడ సుత నోరిప్పలే. సప్పట్లు కొట్టిన, గంతే. గిరాకీని పిల్వనీకి నోరు రాకపాయె. మా ఆయన దయ్యం పట్టిందన్నడు." చేతి తడి కొంగుకు తుడుచుకుంది. "నువ్వు మొకం తిప్పుకొని పోతుంటే, నేను పాట చెడగొట్టిన్నని నీకు కోపం అనుకున్న."

చెప్పాల్సిన రెండో మాట ఇంకా మిగిలింది. అది చెప్పకపోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను. ఆయన ఏమీ అనలేదు. చెప్పాను.

"సారుకు తెలుసు సైదమ్మా. ఆ రోజే తెలుసు. నన్ను పంపితే తట్టుకోలేనని నిన్ను పంపారు."

ఆమె తోటకూర కట్టకు వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది.

"ఎర్కుండే తోలిండా?"

"తెలిసే."

"నేను తట్టుకుంటనని."

"అవును."

"మంచిగ తూచిండు" అంది.

కాళ్ళ మీద పడబోయాను. చేత్తో ఆపింది. "గవన్నొద్దు. నాకు చెప్పుడు ఏం పని? నాకు ఒక్కదానికి చెప్పి నువ్వు అల్కగ ఇంటికి పోతవ్. అందరి ముంగట తోలిండు. అందరి ముంగట చెప్పు. ఆయన ముంగట సుత."

"నువ్వు రా."

"నేను రాను. ఫోన్ చేసి చేతుల వట్టుకో. నువ్వు చెప్పేది ఈడికెల్లే వింట."

*

గల్లీలో టెంట్ కింద, అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టెలో సారు ఉన్నారు. ముక్కుకు గొట్టం లేకుండా ఆయన్ను రెండేళ్ళ తర్వాత చూడటం. మాలో వచ్చింది ఆరుగురమే. పైనుంచి ఓనరమ్మ, "ఇంక ఎంతసేపు? నీళ్ల ట్యాంకరొస్తది, తొవ్వియ్యాలె" అని కేకేసింది. రాజలింగం అన్న తల ఎత్తి, "అయిపాయె అమ్మా, ఒక్క పాట" అన్నాడు.

నేను సైదమ్మకు ఫోన్ చేశాను. ఎత్తింది. బజారు గోల వినిపిస్తోంది. ఫోన్ కుడి చేతిలో పట్టుకున్నాను. ఆమె ఎప్పుడూ నా కుడి పక్కనే నిలబడేది.

శ్రుతి పెట్టె ఎవరూ తేలేదు. ఫ్రీజర్ మోటారు మోగుతున్న శ్రుతికే రాజలింగం అన్న అందుకున్నాడు. నేల లేచింది. మేడకు ఇద్దరే ఉన్నారు, అయినా పలికారు. ఎవరూ ఏదీ మర్చిపోలేదు. ఏరు నిండింది, తిరిగింది, సన్నబడింది. అందరూ ఆగారు. నేనొక్కదాన్నే మిగిలాను.

మొదటి ఆవర్తం వచ్చింది, రెండోది వచ్చింది. మూడో దాని చివర ఊపిరి అయిపోయింది. చిటికెన వేలు దానంతటదే నొక్కింది. ఫోన్ అంచు తగిలింది. ధార తెగింది.

అందరూ ఏడుపనుకున్నారు. రాజలింగం అన్న కండువాతో కళ్ళు తుడుచుకుని, "పర్లేదు చెల్లె, పర్లేదు" అన్నాడు.

"ఏడుపు కాదన్నా" అన్నాను. "ఆ రోజు కూడా ఇక్కడ తెంపింది నేనే. సైదమ్మ కాదు. ఆమె సరిగ్గానే పాడింది. సారుకు ఆ సంగతి అప్పుడే తెలుసు. తెలిసే ఆమెను పంపారు. నేను చూస్తూ నోరు మూసుకున్నాను."

పెట్టె మోటారు మోగుతోంది. ఒకప్పుడు సైదమ్మను చూసి వాసన అన్నావిడ కూడా అక్కడే ఉంది. పెద్దదైపోయింది. ఆవిడ కుర్చీలో నుంచి మెల్లగా లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంది.

"గివన్నీ ఇప్పుడెందుకమ్మా, పోయిన మనిషి ముంగట" అన్నాడు రాజలింగం అన్న.

నేను సారు వైపు చూశాను. అద్దం మీద నీటి ఆవిరి పట్టింది. ఆయన ఎడమ చెవి కనపడటం లేదు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. "విన్నావా సైదమ్మా?" అన్నాను. బజారులో ఎవరో నిమ్మకాయల ధర అరుస్తున్నారు. ఆమె ఊపిరికి చప్పుడే ఉండదని సారు అన్నారు. ఇప్పుడు వినిపించింది. కేకకు ముందో పాటకు ముందో మనిషి గుండెల నిండా తీసుకునే ఊపిరి, పొడుగ్గా.

తర్వాత ఆమె ఫోన్ పెట్టేసింది.